అన్నం ఎంత? కూర ఎంత?

మా ఓ.పి.లో డాక్టరు గారు మందుల చీటీ రాసి ఇచ్చాక కూడా రోగి కుర్చీలోంచి లేవకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "మరి ఏం తినమంటారండి?" షుగరు ఉన్నవారు అడుగుతారు, బి.పి. ఉన్నవారు అడుగుతారు, ప్రసవమైన కూతురి పక్కన కూర్చున్న తల్లి అడుగుతుంది. బయట వరుసలో ఇంకా ముప్పై నలభై మంది ఉంటారు. అందుచేత "అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి, ఆకుకూరలు తినండి, రోజూ నడవండి" అని నాలుగు ముక్కల్లో చెప్పి పంపవలసి వస్తుంది. ఆ నాలుగు ముక్కలూ నిజమే గాని, వాటితో పొయ్యి దగ్గర నిలబడి ఎవరూ వంట చేయలేరు. ఎంత తగ్గించాలి? తగ్గించిన చోట ఏం పెట్టాలి? ఊడ్పులకు వెళ్ళే మనిషికి అది సరిపోతుందా? ఈ సంచికలో ఈ సంగతులు కాస్త తీరికగా మాట్లాడుకుందాము.

ముందుగా, ఇది పట్నం వాళ్ళ జబ్బులే కదా, మనకెందుకు అనుకునేవారికి ఒక మాట. హైదరాబాదులోని కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్, ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003–04లో జరిగిన మరణాల కారణాలను ఇంటింటికీ వెళ్ళి అడిగి నమోదు చేశాయి. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. నూటికి 32 మరణాలు గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన జబ్బుల వల్లనే, అంటే గుండెపోటు, పక్షవాతం వంటివాటి వల్ల. అంటురోగాల వల్ల చనిపోయినవారు అంతకంటే చాలా తక్కువ. ఆ సంస్థలే 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటినవారి రక్తం పరీక్షించి 2006లో ఫలితాలు ప్రచురించాయి. నూటికి 13 మందికి షుగరు ఉంది. వారిలో సుమారు సగం మందికి తమకు షుగరు ఉన్నట్టే తెలియదు. ఇరవై ఏళ్ళ కిందట, పచ్చని పొలాల మధ్య ఉన్న మన పల్లెల్లో సంగతి ఇది. ఆ తరువాత వరికోత యంత్రాలు వచ్చాయి, ఇంటింటికీ మోటారు సైకిలు వచ్చింది. కంచంలో అన్నం మాత్రం ఎప్పటి అంతే ఉంది.

తెల్లన్నం కథ

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు పారిన తరువాత మన డెల్టా అన్నపూర్ణ అయింది. సార్వా, దాళ్వా రెండు పంటలు. అన్నానికి లోటు లేకపోవడం దేవుని దయ. అయితే ఆ అన్నంతోనే మన ప్రాంతానికి ఒక చెడ్డపేరు కూడా వచ్చిందని ఈ కాలం వారికి అంతగా తెలియదు. పోయిన శతాబ్దం మొదటి సగంలో ఉత్తర సర్కారులుగా పిలిచిన మన కోస్తా జిల్లాలు బెరిబెరి జబ్బుకు పేరుమోసిన ప్రాంతం. కాళ్ళలో తిమ్మిర్లు, నడవలేకపోవడం, ఒళ్ళు వాయడం, గుండె దెబ్బతినడం ఆ జబ్బు లక్షణాలు. బియ్యం పైపొరలో ఉండే బి1 విటమిన్ అందకపోవడం దాని కారణం.

ఈ సంగతి బయటపడింది ఒక కోళ్ళ దొడ్డిలో. జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు 1890 దశకంలో, తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవడం, తవుడుతో కూడిన బియ్యం పెడితే అవి తిరిగి కోలుకోవడం గమనించారు. ఆయనకు 1929లో నోబెల్ బహుమానం వచ్చింది. మన దేశంలో ఈ జబ్బు మీద పరిశోధనకు 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు ఒక చిన్న గదిలో పని మొదలుపెట్టారు. ఆ సంస్థే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు మారింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. మన తెల్లన్నం వంటి సమస్యలే ఆ సంస్థ పుట్టుకకు ఒక కారణమని చెప్పినా తప్పులేదు.

మరి తమిళ, కేరళ దేశాల్లో కూడా అన్నమే తింటారు కదా, వాళ్ళకు ఈ జబ్బు ఇంతగా ఎందుకు రాలేదు? వాళ్ళు ఎక్కువగా తినేది ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడికించి ఆరబెట్టి తరువాత మిల్లు పట్టిస్తారు కాబట్టి పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది. చిత్రమేమిటంటే మన గోదావరి మిల్లుల్లోనే ఉప్పుడు బియ్యం తయారై కేరళకు వెళ్తాయి. మన కంచానికి మాత్రం పచ్చి బియ్యం, అందునా మల్లెపువ్వులా తెల్లగా ఉండాలి. తవుడు గేదెలకు, తవుడు నూనె మిల్లుకు. బలమంతా వాటికి పంపి, పిండిపదార్థం మనం ఉంచుకుంటున్నాం.

ఇప్పుడు పెద్దవాళ్ళలో బెరిబెరి అరుదు, ఎందుకంటే కూరలు, పప్పులు, గుడ్లు కొంతైనా తింటున్నాము. అయితే ఒక చోట అది ఇంకా పొంచి ఉంది. దానికి వేరే శీర్షిక పెట్టవలసినంత విషయం ఉంది గనుక కిందకు వదిలేస్తున్నాము.

ఈలోగా బియ్యం విషయంలో చేయగలిగినవి చెబుతాము. పూర్తిగా దంపుడు బియ్యానికి మారడం అందరికీ కుదరదు, పిల్లలు తినరు, ఖరీదు కూడా ఎక్కువ. మిల్లులో పట్టించుకునేవారు "ఒక్క పట్టు చాలు" అని చెప్పి కాస్త మొరకగా ఉంచమనవచ్చు. కొనేవారు పాలిష్ తక్కువ ఉన్న రకం అడగవచ్చు. బియ్యం నాలుగైదుసార్లు రుద్ది కడగవద్దు. రెండుసార్లు తేలికగా కడిగితే చాలు. గంజి వార్చే అలవాటు ఉన్నవారు అత్తెసరు పెట్టడం నేర్చుకోండి. "గంజి వారిస్తే షుగరు తగ్గుతుందట" అని చాలామంది అంటున్నారు. వార్చినందువల్ల పోయే పిండి కొద్దిపాటిది, పోయే విటమిన్లు ఎక్కువ. వార్చిన అన్నం రెండోసారి వడ్డించుకుంటే ఆ కాస్త లాభం కూడా ఉండదు.

ఇంకొక సంగతి. 2022 నుంచి 2024 వరకు దశలవారీగా దేశమంతటా రేషను బియ్యంలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపిన గింజలు చేర్చారు. అవి కాస్త వేరే రంగులో ఉండి, నీళ్ళలో తేలితే "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేసినవారు మన ఊళ్ళలోనూ ఉన్నారు. అవి బియ్యం పిండితో చేసినవే. అలాంటి గింజలు కనిపిస్తే ఏరవద్దు.

కిరాణా చీటీ చదవడం

కంచంలో ఎంత అన్నం ఉందో గ్రాముల్లో కొలవమంటే ఎవరూ కొలవరు, మేమూ కొలవము. దానికంటే సులువైన లెక్క నెల సరుకుల చీటీలో ఉంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో కొత్త సూచనలు ఇచ్చింది. రోజుకు 2000 క్యాలరీలు సరిపోయే మనిషికి, అంటే ఒంటికి పెద్దగా శ్రమ లేని పని చేసుకునే పెద్దవారికి, బియ్యం, గోధుమ, చోళ్ళు, రవ్వ అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలతో కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వులు వంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు అని చెప్పింది.

ఇప్పుడు నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి దీన్ని గుణించి చూడండి. బియ్యం, పిండి, రవ్వ అన్నీ కలిపి రోజుకు కిలో. అంటే ఇంట్లో వేరే రవ్వ, గోధుమపిండి ఏమీ కొనకపోయినా 25 కిలోల బస్తా 25 రోజులు రావాలి. మీ ఇంట్లో బస్తా ఎన్నాళ్ళు వస్తుంది? నలుగురికి పదిహేను రోజులకే బస్తా ఖాళీ అవుతూ, దానికి తోడు ఇడ్లీ రవ్వ, మైదా కూడా ఉంటే, ఎక్కడ తగ్గించాలో మేము చెప్పనవసరం లేదు.

నూనె: నలుగురికి నెలకు దాదాపు మూడున్నర లీటర్లు. మనిషికి రోజుకు ఆరు టీస్పూన్లు అన్నమాట. పండుగ నెలలో గారెలు, అరిసెలు ఉంటే కాస్త ఎక్కువ కావచ్చు గాని, ప్రతి నెలా ఐదు ప్యాకెట్లు కొనే ఇల్లు ఆలోచించుకోవాలి. ఒకే రకం నూనెకు కట్టుబడక, తవుడు నూనె, వేరుశనగ, నువ్వుల నూనె మార్చి మార్చి వాడుకోండి. చవకని పామాయిలు ఒక్కటే ఏడాది పొడుగునా వాడటం గుండెకు మంచిది కాదు. గారెలు వేసిన నూనె మళ్ళీ మళ్ళీ కాచవద్దు.

ఉప్పు: మనిషికి రోజుకు 5 గ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలుగురికి నెలకు 600 గ్రాములు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వారు ఆంధ్రప్రదేశ్‌లో ఒక రోజు మూత్రమంతా సేకరించి పరీక్షించినప్పుడు సగటున మనిషి తినేది 9 గ్రాముల పైనే అని తేలింది. మన ప్రాంతంలో ఈ ఉప్పు ఎక్కడినుంచి వస్తుందో వెతకనక్కర్లేదు. ఆవకాయ, మాగాయ, గోంగూర పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ, గుమ్మడి వడియం, ఎండు చేప. కూరలో ఉప్పు తగ్గించి "నేను చప్పగానే తింటున్నానండి" అని చెప్పే పెద్దాయన కంచం అంచున ఆవకాయ ముక్క ఉంటుంది. ఆవకాయ మానమని చెప్పే ధైర్యం మాకు లేదు, చెప్పినా వినరు. బి.పి. లేనివారు వారానికి రెండు మూడు రోజులకు కుదించుకోండి. బి.పి. ఉన్నవారు మాత్రం నెలకొకసారి రుచి చూడటంతో తృప్తిపడాలి. ఎండు చేపను వేడినీళ్ళలో నానబెట్టి, రెండుసార్లు కడిగి, కూరలో వేరే ఉప్పు వేయకుండా వండాలి.

ఇక కూరగాయలు. నలుగురికి రోజుకు కిలోన్నర పైనే కావాలి. ఈ లెక్కకు కొనే ఇళ్ళు మాకు తెలిసినంతలో చాలా తక్కువ. పావుకిలో వంకాయలతో నలుగురికీ సరిపెట్టడం మామూలు. ధరలు చూస్తే కిలోన్నర కొనమని చెప్పడానికి మాకే మొహమాటంగా ఉంది. కాని మన నేల మీద ఖర్చు లేని దారులు ఉన్నాయి. పెరట్లో మునగచెట్టు, గోడ మీదికి బచ్చలి తీగ, పందిరికి ఆనప పాదు, బావి దగ్గర తడిలో పొన్నగంటి కూర. అరటి తోట ఉన్నవారికి అరటి దూట, అరటి పువ్వు ఊరికే దొరుకుతాయి. పనసకాయ రోజుల్లో పనసపొట్టు. కంద, బచ్చలి కలిపి వండిన కూర ముందు ఏ హోటలు కూర నిలవదని మా అభిప్రాయం. ఇప్పుడు తింటున్న కూరకు రెట్టింపు వండడం మొదటి మెట్టుగా పెట్టుకోండి, కిలోన్నర సంగతి తరువాత.

కంచంలో చూసుకుంటే ఈ లెక్క ఇలా వస్తుంది: సగం కూర, ఆకుకూర; పావు వంతు అన్నం; పావు వంతు పప్పు లేదా గుడ్డు లేదా చేప. మనవారు అన్నం ముందు పెట్టుకుని మధ్యలో గుంట చేసి పప్పు పోసుకుంటారు. కూర ముందు వడ్డించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోండి. వరుస మార్చడం చిన్న పనే గాని, అన్నం దానంతట అదే తగ్గుతుంది.

పొలం పనికి వెళ్ళేవారు

పైన చెప్పిన 250 గ్రాముల లెక్క ఊడ్పులకు, కోతలకు, బస్తాల మోతకు, ఇటుక పనికి వెళ్ళేవారికి సరిపోదు. వారి ఒంటికి అన్నం ఇంకా ఎక్కువ కావాలి, తినాలి కూడా. వారి ఇబ్బంది వేరే ఉంది. తెల్లవారి ఆరింటికి టీ, రెండు బిస్కెట్లతో బయలుదేరి, ఎండలో వంగి పనిచేసి, పదకొండింటికి పచ్చడి అన్నం తిని, రాత్రికి పూర్తి భోజనం చేస్తారు. పనిచేసే వేళ ఖాళీ కడుపు, పడుకునే వేళ నిండు కడుపు. నీరసం, కళ్ళు తిరగడం అని వచ్చే ఆడవారిలో చాలామందికి రక్తం తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–20లో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 100 మందికి దాదాపు 59 మందికి రక్తహీనత ఉన్నట్టు చూపించింది.

పాతకాలపు చద్దన్నం ఇందుకు మంచి జవాబు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి, కాస్త మజ్జిగ కలిపి మూత పెడితే పొద్దుటికి సన్నగా పులుస్తుంది. కడుపుకు చల్లన, ఎండలో పనిచేసేవారికి నీరు కూడా అందుతుంది. అయితే చద్దన్నం, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో ఆపకండి. దానితో ఒక ఉడికిన గుడ్డో, గుప్పెడు ఉడికిన పెసలో, వేయించిన వేరుశనగ గింజలో ఉండాలి. వేసవిలో అన్నం మధ్యాహ్నం నుంచి బయట ఉండి, వాసన మారి జిగురొస్తే దాన్ని నీళ్ళు పోసి దాచవద్దు, పారేయండి. తరవాణి కుండ పెట్టుకునే ఇళ్ళు కుండను రోజూ శుభ్రం చేసుకోవాలి.

ఒళ్ళు శ్రమించినప్పుడు కండ నిలవాలంటే మాంసకృత్తులు కావాలి. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 50 గ్రాములు. ఇది కొండంత లెక్క కాదు. పొద్దున్న 50 గ్రాముల పెసలతో వేసిన పెసరట్లలో 12 గ్రాములు, ఒక గుడ్డులో 6, రెండు పూటలా చిక్కని పప్పులో 14, గ్లాసు పెరుగులో 6, మిగిలింది అన్నంలోనే ఉంటుంది. చేప దొరికిన రోజు ఇంకా మేలు. పులస కోసం పుస్తెలమ్మినా తప్పులేదని మనవారు అంటారు గాని, ఒంటి లెక్కలో చూస్తే చిన్న చిన్న మెత్తళ్ళు పులసకు తీసిపోవు. ముల్లుతో సహా నమిలి తింటాము గనుక కాల్షియం కూడా దొరుకుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు ఉన్నవారు గంట ఆగండి. టీ ఆహారంలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. అదే కూర మీద నిమ్మరసం పిండితే ఐరన్ బాగా పడుతుంది.

ఇంకొకటి కూడా రాయకుండా ఉండలేము. వండిన ఇల్లాలు అందరూ తిన్నాక, గిన్నె అడుగున మిగిలిన కూరతో సరిపెట్టుకుంటుంది. చేప ముక్క ఇంటాయనకు, గుడ్డు పిల్లాడికి, పులుసు ఆమెకు. రక్తం తక్కువని మా దగ్గర ఐరన్ మాత్రలు తీసుకెళ్ళేది కూడా ఆమే. వడ్డించేటప్పుడే ఆమె కంచం కూడా వడ్డించండి. ఈ పని ఇంట్లో మగవారు చేస్తే ఇంకా బాగుంటుంది.

టిఫిను, చపాతీ, చోళ్ళు

మా లెక్కలో మన ప్రాంతపు టిఫిన్లలో మొదటి స్థానం పెసరట్టుకే. పొట్టు పెసలు, అల్లం, జీలకర్ర. పెనం మీద అర చెంచా నూనె. ఉప్మా మాత్రం దాని పొట్టలో పెట్టకండి, అది మళ్ళీ ఇంకో టిఫిను అవుతుంది. ఇడ్లీ కూడా మంచిదే, రెండు పాళ్ళు రవ్వకు ఒక పాలు మినప్పప్పు తగ్గకుండా ఉంటే. పూరీ, మైసూరు బజ్జీ, పునుగులు వారానికి ఒకసారి చాలు.

"రాత్రి అన్నం మానేసి చపాతీ తింటున్నానండి, అయినా షుగరు తగ్గలేదు" అనేవారు ప్రతి వారం వస్తారు. ఎన్ని తింటున్నారని అడిగితే నాలుగు, బంగాళాదుంప కూరతో. చపాతీలో పీచు కాస్త ఎక్కువే గాని, అదీ పిండే. నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీలు కంచెడు అన్నానికి ఏమీ తక్కువ కాదు. రెండు పుల్కాలు, గిన్నెడు కూర, కాస్త పప్పు అయితే సరి. చోళ్ళ సంగతీ అంతే. 100 గ్రాముల చోడిపిండిలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, బియ్యంలో 10 కూడా ఉండదు. అందుకని పిల్లలకు, పెద్దవయసు ఆడవారికి చోడి అంబలి మంచిది. కాని షుగరు ఉన్నవారు పల్చగా జావ కాచుకుని పెద్ద గ్లాసుతో తాగి "చిరుధాన్యం కదా" అనుకుంటే పొరపాటు. జావ త్వరగా అరిగి షుగరును త్వరగా పెంచుతుంది. చోడి రొట్టె, ఆకుకూర వేసి, అయితే మేలు.

పట్నాల్లో ఉండేవారికి కర్రీ పాయింట్ ఒక వరంలా కనిపిస్తుంది. ఇంట్లో కుక్కరులో అన్నం పడేసి, కవరులో నాలుగు కూరలు తెచ్చుకుంటే పూట గడుస్తుంది. ఇద్దరూ ఉద్యోగానికి వెళ్ళే ఇళ్ళను మేము తప్పుపట్టలేము. కాని అక్కడి వేపుడులో, గ్రేవీలో నూనె, ఉప్పు ఎంత పడ్డాయో మన చేతిలో ఉండదు. అన్నం బయట కొనుక్కున్నా పరవాలేదు గాని, కూర ఇంట్లో వండుకోవాలి. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాము.

ఇరవై నిమిషాల కూర

నలుగురికి మునగాకు పెసరపప్పు. ఆషాఢంలోనే కాదు, లేత ఆకు దొరికినప్పుడల్లా చేసుకోవచ్చు. 100 గ్రాముల పెసరపప్పును అరగంట నానబెట్టండి. నాలుగు గుప్పెళ్ళ లేత మునగాకు కాడలు తీసి కడగండి. మూకుట్లో రెండు టీస్పూన్ల నూనె, ఆవాలు, జీలకర్ర, రెండు ఎండుమిర్చి, నలిపిన ఐదారు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. పోపు వేగాక ఒక ఉల్లిపాయ తరుగు, తరువాత నానిన పప్పు, అది తడిసేటన్ని నీళ్ళు, పసుపు. మూత పెట్టి సన్నని మంట మీద పది నిమిషాలు. పప్పు బద్ద విరిగేలా ఉడికాక ఆకు వేసి ఇంకో ఐదు నిమిషాలు మగ్గనివ్వండి. అర టీస్పూను ఉప్పు చివర వేస్తే తక్కువ ఉప్పుకే రుచి తెలుస్తుంది. దించాక ఒక చెంచా వేయించిన నువ్వుల పొడి, సగం చెక్క నిమ్మరసం. నీళ్ళు ఇగిరిపోవాలి గాని వంపకూడదు.

ఈ కూరలో ఉన్న కిటుకే అన్ని కూరలకూ పనికొస్తుంది. వేపుడుకు నూనె కావాలి, మగ్గబెట్టడానికి మూత చాలు. దొండకాయ, బెండకాయ, అరటికాయ కూడా కాస్త నీళ్ళు చిలకరించి మూత పెడితే మెత్తబడతాయి. తరువాత రెండు నిమిషాలు మూత తీసి వేపితే వేపుడు వాసన వస్తుంది. నూనె తగ్గినప్పుడు చప్పదనం రాకుండా ఆవ, నువ్వుపొడి, నిమ్మ, పుల్ల మామిడి, అల్లం వాడుకోండి. ఇవన్నీ మన అమ్మమ్మల చేతి వాటాలే.

బాలింత పత్యం – దయచేసి ఈ భాగం ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి

పైన చెబుతామన్న మాట ఇది. మన ఊళ్ళలో ప్రసవమైన అమ్మాయికి వారాల తరబడి పాతబియ్యం అన్నం, కారప్పొడి, వెల్లుల్లి, నెయ్యి తప్ప ఇంకేమీ పెట్టని ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పప్పు పెడితే బిడ్డకు కడుపునొప్పి, ఆకుకూర పెడితే విరేచనాలు, నీళ్ళు తాగితే ఒళ్ళు వస్తుందని భయం. ప్రేమతోనే చేస్తారు, అది మాకు తెలుసు. కాని తెల్లగా పాలిష్ పట్టిన, బాగా కడిగి వార్చిన అన్నం మాత్రమే తింటున్న తల్లి పాలలో బి1 విటమిన్ తగ్గిపోతుంది. తల్లి పైకి బాగానే కనిపించవచ్చు. బిడ్డ మాత్రం రెండు మూడు నెలల వయసులో పాలు తాగకపోవడం, వాంతులు, ఏడుపు గొంతు బొంగురుపోవడం లేదా శబ్దమే రాకపోవడం, ఎగశ్వాసతో హఠాత్తుగా ప్రమాదంలో పడుతుంది. ఇది పసిపిల్లల బెరిబెరి. గంటల్లో ప్రాణం పోవచ్చు. వేళకు గుర్తించి విటమిన్ ఇంజక్షను ఇస్తే గంటల్లోనే కోలుకోవచ్చు కూడా. ఈ లక్షణాలు కనిపిస్తే దిష్టి అనో, గాలి అనో ఆగకుండా వెంటనే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకుపోండి. తల్లి ఏం తింటున్నదో డాక్టరుకు మీరే చెప్పండి, అడిగేదాకా ఆగవద్దు.

బాలింతకు మామూలు మనిషికంటే ఎక్కువ ఆహారం కావాలి. మొదటి రోజు నుంచే పెసరపప్పు, కందిపప్పు, గుడ్డు, చేప, పాలు, ములక్కాడ, ఆనపకాయ, బీరకాయ, తోటకూర, అన్నీ తినవచ్చు. దాహమైనన్ని నీళ్ళు తాగాలి. వెల్లుల్లి కారం, నువ్వుల పొడి వద్దని మేము అనము, వాటి పక్కన మిగతావి కూడా ఉండాలి.

మందులు వాడేవారు

షుగరుకు ఇన్సులిను గాని, మాత్రలు గాని వాడేవారు ఈ వ్యాసం చదివి రేపటినుంచి అన్నం సగానికి తగ్గించి, కాలవ గట్టు మీద గంట నడక మొదలుపెట్టవద్దు. మందు అంతే ఉండి, తిండి తగ్గి, నడక పెరిగితే షుగరు మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, తికమక వస్తే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ చూసుకుని, ఆ పైన ఏదైనా తినాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తేవాలి. మందు మోతాదు మార్చడానికి ముందుగా వచ్చి మాట్లాడండి. శ్రమల కాలంలో ఉపవాస ప్రార్థనలో ఉండేవారికీ ఇదే మాట. ఉపవాసం మొదలుపెట్టే ముందు డాక్టరు గారిని కలవండి, ఉదయం మాత్ర వేసుకుని సాయంత్రం దాకా ఖాళీ కడుపుతో ఉండటం ప్రాణాపాయం.

గుండె కవాటం ఆపరేషను తరువాత రక్తం గడ్డకట్టకుండా మందు వాడేవారు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచడం, మానడం రెండూ చేయకూడదు. వారమంతా ఒకే పాళ్ళలో తింటూ, రక్తపరీక్ష వేళకు చేయించుకోవాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇక్కడ రాసిన పప్పు, ఆకుకూర, పండ్ల లెక్కలు వర్తించవు. కొబ్బరినీళ్ళు, దుకాణాల్లో దొరికే తక్కువ సోడియం ఉప్పు కూడా వారు డాక్టరు చెప్పకుండా ముట్టవద్దు.

మళ్ళీ చెకప్‌కు వచ్చేటప్పుడు పాత మందుల చీటీతో పాటు పోయిన నెల కిరాణా చీటీ కూడా తీసుకురండి. ఇంట్లో ఎంతమంది తింటారో వెనక రాసి ఉంచితే లెక్క చూడటం మాకు సులువు.